ఎన్నిసార్లు నడిపినా అవే ఆరు బొమ్మలు వస్తుంటే

కారణం సీడ్, అంటే బొమ్మ ఏ గజిబిజి చుక్కలతో మొదలవ్వాలో తేల్చే అంకె. మీరు వాడుతున్న స్టేబుల్ డిఫ్యూజన్ (మాటల్లో చెబితే బొమ్మ గీసే ఏఐ) పాత స్క్రిప్టు, సీడ్ ఇవ్వకపోతే ప్రతిసారీ 42 తీసుకుంటుంది. అందుకే మీ గుంటూరు మిర్చి యార్డు పోస్టర్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) కుప్ప ఉన్నచోటు నుంచి కదలడం లేదు. గ్రాఫిక్స్ కార్డుకి ఏం కాలేదు, టెన్షన్ వద్దు.

1. కమాండ్ చివర రెండు గీతలు పెట్టి సీడ్ ఆప్షన్, పక్కన ఏదో ఒక అంకె ఇవ్వండి. ఎన్-ఐటర్ (ఎన్ని విడతలు నడపాలో చెప్పేది) 1 చేయండి. విడతకు మూడు కాబట్టి ఆరుకు బదులు మూడే వస్తాయి, త్వరగా తేలిపోతుంది.

2. నచ్చిన బొమ్మ వచ్చేదాకా సీడ్ ఒక్కటే మార్చండి. వచ్చాక ఆ అంకె రాసిపెట్టుకోండి.

3. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మూడింట్లో ఒకటి నచ్చింది కదా అని ఎన్-శాంపుల్స్‌ను (విడతకు ఎన్ని బొమ్మలో చెప్పేది) 3 నుంచి 1కి దించుతారు. సీడ్ అదే ఉన్నా వేరే బొమ్మ రావచ్చు. మొదట పుట్టే నాయిస్ (ఆ గజిబిజి చుక్కలు) మూడు బొమ్మలకూ కలిపి ఒకేసారి తయారవుతుంది మరి. కాబట్టి 3ని 3గానే ఉంచండి, అక్కర్లేని రెండూ డిలీట్ చేసుకోవచ్చు. వెడల్పు, ఎత్తు మార్చినా ఇదే గొడవ. పోస్టర్ సైజు ముందే ఖాయం చేసుకోండి, రెండూ 64తో భాగించబడాలి.

4. ఇప్పుడు స్కేల్ (మీరు రాసిన మాటలకు బొమ్మ ఎంత కట్టుబడాలో చెప్పే అంకె) ముట్టుకోండి. మామూలుగా 7.5 ఉంటుంది. 9 దాకా చూడండి. 15, 20కి పోతే మిర్చి ఎరుపు మాడిపోయినట్టు కొడుతుంది.

స్టెప్స్ (నాయిస్ నుంచి బొమ్మ తేలేదాకా పట్టే అంచెలు) 50 ఉన్నాయిగా, చాలు.