బకెట్ కంటే ముందు డ్రమ్ము

పర్లాకిమిడి

అల్లుడూ,

మొన్న ఫోనులో నువ్వు చెప్పింది సగమే వినబడింది. కాశీనగరం దగ్గర ఎవరో ఫ్రంట్ లోడరు, అంటే ముందు బకెట్‌తో సరుకు ఎత్తే సరంజామా, అమ్మేస్తున్నారనీ, దాన్ని మీ నాన్న మాస్సీ 1035 ట్రాక్టరుకి బిగించేద్దామనుకుంటున్నావనీ అర్థమైంది. గత్తం, అదే పెంట ఎరువు, ఎత్తడానికీ, వంశధార పొంగినప్పుడు పొలంలో వేసిన ఇసక మేట తీయడానికీ అది పనికొస్తుంది, కాదనను. కానీ ఆ బండి పుస్తకంలో ఇంకా గంజాం నంబరే ఉంది. అంటే పాత బండే, మన గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయింది 1992లో కదా. నువ్వు అడిగినవన్నీ బకెట్ గురించే. వెనక ఏం కడతావో ఒక్క మాటా చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆ తప్పు చేసినవాణ్ణే. ఒకసారి బకెట్ నిండా తడి గత్తంతో కాలవ గట్టు మీంచి కళ్ళంలోకి దిగుతున్నాను. వెనక ఏమీ లేదు. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి గానీ బండి ఆగలేదు. జారుకుంటూ పోయి గడ్డివామిలో దూరింది కాబట్టి సరిపోయింది. మీ అత్తకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు, నువ్వూ చెప్పకు. ఈ బండ్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ముందు బరువు పడితే వెనక భాగం తేలిపోతుంది, తేలిన చక్రం నేలని పట్టదు.

కావిడి మోసినవాడికి ఈ లెక్క చెప్పనక్కర్లేదు. నీకు చెబుతా. మాస్సీకి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి సుమారు 180 సెంటీమీటర్లు అనుకో. బకెట్టూ అందులో సరుకూ కలిపి 400 కిలోలు, ముందు ఇరుసుకి 130 సెంటీమీటర్ల అవతల వేలాడుతోంది. అప్పుడు ముందు ఇరుసు మీద కొత్తగా పడేది 400 కాదు, దాదాపు 690 కిలోలు. ఆ పైబడిన 290 వెనక చక్రాల మీంచి లేచి వచ్చిందే. ఇప్పుడు వెనక ఇరుసుకి 90 సెంటీమీటర్ల దూరంలో 480 కిలోలు కట్టు. ముందు ఇరుసు మీంచి 240 కిలోలు దిగిపోతాయి, వెనక చక్రాల మీద 720 పడతాయి. బండి నిలబడుతుంది, బ్రేకూ పడుతుంది.

480 అని ఊరికే అనలేదు. 200 లీటర్ల ఇనప డ్రమ్ము నిండా కాంక్రీటు పోస్తే అంతే తూగుతుంది. సిమెంటు రెండు బస్తాల లోపే అవుతుంది, ఇసక నీ పొలంలోనే ఉంది. పోసే ముందు డ్రమ్ముకి అడుగున అడ్డంగా ఒక గట్టి రాడ్డు దూర్చి, దాని రెండు కొసలూ బండి వెనక పనిముట్లు ఎత్తే లిఫ్టు కింది చేతులకి తగిలేలా బయటికి ఉంచు. చేతుల కన్నాలు ముందే కొలుచుకో. కొన్నింటికి 22 మిల్లీమీటర్ల పిన్ను పడుతుంది, కొన్నింటికి 28. లోపల రాడ్డుకి ఇనప ముక్కలు అడ్డంగా వెల్డింగ్ పెట్టించు, లేకపోతే కొన్నాళ్ళకి కాంక్రీటులో రాడ్డు గిరగిరా తిరుగుతుంది. పైన టాప్ లింకుకి, అంటే లిఫ్టు మూడో చేతికి, కొక్కెం కూడా అప్పుడే పెట్టించాలి. పోశాక వారం రోజులైనా తడుపు, నెల గడిచేదాకా ఎత్తకు. 1035 లిఫ్టు 1,100 కిలోల దాకా ఎత్తుతుంది కాబట్టి దానికి ఇది బరువు కాదు. డ్రమ్ము నేలకి అడుగు ఎత్తులో ఉంటే చాలు, పక్కలకి ఊగకుండా చెక్ చైన్లు బిగించు. పాత లిఫ్టు కదా, ఇంజను ఆపగానే దిగిపోతుంటుంది. ఆపేటప్పుడు నువ్వే కిందికి దింపేసెయ్.

టైర్లలో నీళ్ళు పోస్తే చాలదా అని అడుగుతావు. పొయ్యి, మంచిదే. వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, ముప్పావు వంతు దాకా నింపితే టైరుకి సుమారు 150 లీటర్లు పడతాయి. మనకి నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి ఉప్పూ గిప్పూ కలపనక్కర్లేదు, ఉప్పు వల్ల రిమ్ము తుప్పు పట్టే బాధా ఉండదు. కానీ ఆ బరువు ఇరుసు మీదే కూర్చుంటుంది. వెనక పట్టు పెరుగుతుందే తప్ప ముందు ఇరుసు మీంచి ఒక్క కిలో కూడా దించదు. ముందు బంపరుకి దమ్ము కోసం బిగించిన దిమ్మలుంటే ఇవాళే విప్పేసెయ్.

ఇంక బిగింపు. దీని దగ్గరే నాకు ఎక్కువ భయం. మాస్సీకి లారీలాగ కింద ఛాసిస్ ఉండదు. ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో అతికి ఉంటాయి, అదే దాని వెన్నెముక. లోడరు కాళ్ళు ముందు భాగానికే బిగిస్తే ప్రతి ఎత్తుకీ ఆ అతుకులు తెరుచుకోవాలని చూస్తాయి. ఒక షెడ్డులో అలా బిగించిన బండికి క్లచ్ హౌసింగ్ నిలువునా పగిలింది, నేను కళ్ళారా చూశాను. లోడరు ఫ్రేము రెండు పక్కలా వెనక ఇరుసు దాకా పొడుగు పట్టీలతో పోవాలి. వెల్డర్ 'అక్కర్లేదు సార్' అంటే ఇంకో వెల్డర్ దగ్గరికి వెళ్ళు. మొదటి పది గంటల పని అయ్యాక ప్రతి బోల్టూ మళ్ళీ బిగించు.

పంపు సంగతి కూడా చూసుకో. మాస్సీ హైడ్రాలిక్ పంపు వెనక పెట్టెలో నూనెలో మునిగి ఉంటుంది, వెనక పనిముట్లని తిప్పే పీటీవో షాఫ్టుతో తిరుగుతుంది. పీటీవో ఆగిందంటే బకెట్టూ ఆగుతుంది, మామూలుగానే నెమ్మది. ఇంజను ముందు వేరే గేరు పంపు, వేరే ఆయిల్ ట్యాంకు పెట్టించడమే మేలు. హోస్ పైపులో సన్నగా కారుతుంటే చేత్తో తడమకు, అట్టముక్క పెట్టి చూడు. ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూరిపోతుంది.

ముందు టైర్లు 6.00-16, కొత్తవి వెయ్యి. ముందు చక్రాలు పక్కకి తిరిగే కింగ్ పిన్నులు, బేరింగులు విప్పించి చూడు. పవర్ స్టీరింగ్ లేని బండి, మొదటి రోజే నీ భుజాలు చెబుతాయి.

నడిపేటప్పుడు రెండు బ్రేకు పెడళ్ళూ కొక్కెంతో కలిపే ఉంచు. బకెట్ మోకాలి ఎత్తు దాటకుండా తీసుకెళ్ళు. నిండు బకెట్‌తో గట్టు ఎక్కాలంటే ముందుకి ఎక్కు, దిగాలంటే రివర్సులో దిగు. బకెట్‌లో మనుషుల్ని నిలబెట్టి కొబ్బరికాయలు దింపించే పని మాత్రం పెట్టకు, మన ఊళ్ళో అది మొదలైందని విన్నాను.

రాడ్డు కొనేముందు కన్నం కొలత ఫోన్ చేసి చెప్పు. నా దగ్గర 22 మిల్లీమీటర్ల పాత పిన్నులు రెండున్నాయి, సరిపోతే గుణుపురం బస్సులో పంపిస్తాను.

మీ మావయ్య