'గూగుల్ సార్' అంటే సరిపోదు తమ్ముడూ

తమ్ముడూ,

మీ తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో దిగే పక్షుల మీద ప్రాజెక్ట్ చేస్తన్నారన్నావు కదా, భలే అయింది, ఆ పక్షుల దగ్గరే నా పరువు ఒకసారి పోయింది. టెక్కలి దగ్గర పనిచేసే రోజుల్లో మా పిల్లలు చార్ట్ మీద పెద్దక్షరాలతో 'సైబీరియా అతిథులు' అని రాసేరు, రాయించింది నేనే. జడ్జి గారు సైబీరియా అని ఎక్కడ చదివేవమ్మా అనడిగితే మా గుంట 'గూగుల్ సార్' అంది. ఆయన నవ్వేసి పక్క స్టాల్‌కి వెళ్ళిపోయేరు.

ఆ రాత్రి పక్షుల పుస్తకం తిరగేస్తే ఏటుందంటే, అక్కడ గూళ్ళు కట్టే పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు, అదే మన గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, రెండూ మన వైపు దేశాల పక్షులే. సైబీరియా చలికి తట్టుకోలేక వచ్చే పక్షి ఇక్కడ గుడ్లెందుకు పెడతాది, వేసవికి వెనక్కెళ్ళి అక్కడ పెట్టుకుంటాది గానీ! ఇంత చిన్న ప్రశ్న నాకు తట్టలేదు. మూడు పేపర్లలో ఉంది కదా అనుకున్నాను, ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాస్తే మూడైనా ఒకటే లెక్క.

అందుకే మొదటి రోజే ఒక్కో పిల్లాడికి ఓ నోట్‌బుక్ పెట్టించు. ఎడం పక్క విషయం, కుడి పక్క అది ఎక్కడ దొరికిందో, రాసినాయన పేరు, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ, వెబ్‌సైట్ అయితే ఎవరిది, ఏ తారీఖున చూసేరు. చదివినప్పుడే రాయాల, ఆఖర్న రాద్దామంటే ఆ పేజీ చచ్చినా దొరకదు. సంవత్సరం దగ్గర ఒక తిరకాసుంది, పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ గారి ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ మొదట 1941లో వచ్చింది, తర్వాత ఎన్నోసార్లు మార్చి వేసేరు, మన చేతిలో ఉన్న ప్రతి మీద ఏ సంవత్సరం ఉంటే అదే రాయాల, లేకపోతే పేజీ నంబర్ కుదరదు.

వికీపీడియా చూసేరని తిట్టకు, వాక్యం చివర చిన్న నంబర్ ఉంటాది కదా, అది నొక్కి అసలు చెప్పినోళ్ళ దగ్గరికి వెళ్ళమను. చాట్‌జీపీటీ అయితే ఒక్కోసారి లేని పుస్తకాన్ని కూడా రచయిత పేరుతో సహా చెప్పేస్తాది, పిల్లలు తెరిచి చూడని పుస్తకం లిస్టులోకి రానివ్వకు.

ఊళ్ళో ముసలాయన ఈ పక్షులు రాకపోతే ఆ ఏడు వానలుండవు అన్నాడనుకో, అదీ రాయాల, కాకపోతే ఊరోళ్ళ నమ్మకం అని రాసి, ఆయన ఒప్పుకుంటే పేరు, ఊరు, తారీఖు వెయ్యాల. పిల్లలు కళ్ళారా లెక్కెట్టిన గూళ్ళూ ఆధారమే, ఏ చెట్టు, ఎన్ని గంటలకి అని ఉంటే చాలు.

దించి రాయడం మాత్రం ఒక్కరోజులో మానరు, గైడ్లు దించి రాయించి పెంచింది మనమే కదా. చదివించి, పుస్తకం మూయించి, తోటోడికి చెప్పినట్టు రాయమను, అలా రాసినా పేరు మాత్రం పెట్టాల్సిందే.

పక్షులు దిగేక తీసుకెళ్తే ముందు రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. నా బైనాక్యులర్ కుడి అద్దం కాస్త మసకేసింది గానీ గూళ్ళు లెక్కెట్టడానికి పనికొస్తాది.