నర్సింగ్ చేసి క్వాలిటీలోకి వెళ్తే ఫైళ్ల ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి, నాలుగేళ్లుగా గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తోంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు కోసం క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లోకి రమ్మని అడుగుతున్నారట. అందులో చేరి, తర్వాత ఎంహెచ్‌ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ) చేస్తానంటోంది. ఈమధ్య షిఫ్ట్ మారేటప్పుడు రోగిని అప్పగించడానికి కొత్త ఫారం ఒకటి తయారు చేస్తే, సీనియర్లు ‘మాకు నేర్పుతావా’ అన్నారని ఇంటికొచ్చి ఏడ్చింది. నర్సు పని వదిలేసి ఫైళ్లు మోసే ఉద్యోగమెందుకు? గల్ఫ్‌కో జర్మనీకో వెళ్తే మేలు కదా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఫైళ్లు మోయడం అన్నారే, అందులో నిజం లేకపోలేదు. కొన్ని ఆసుపత్రుల్లో క్వాలిటీ వాళ్లు ఆడిట్‌కి నెల ముందు నిద్రలేచి, ఖాళీగా ఉన్న రిజిస్టర్లన్నీ నింపించి, సర్టిఫికెట్ గోడకెక్కగానే మళ్లీ పడుకుంటారు. కాబట్టి మీ అమ్మాయిని పిలుస్తున్నది ఎలాంటి డిపార్ట్‌మెంట్‌లోకో ముందు తేల్చుకోవాలి. అది కనుక్కోవడం కష్టమేమీ కాదు. క్వాలిటీ హెడ్ నేరుగా ఎవరికి రిపోర్ట్ చేస్తారో అడగమనండి. పోయిన నెలలో ఎన్ని ఇన్సిడెంట్ రిపోర్టులు (పొరపాటు జరిగిందని సిబ్బంది రాసిచ్చేవి) వచ్చాయో, వాటి వల్ల ఏ పద్ధతి మారిందో కూడా అడగమనండి. ‘మా దగ్గర పొరపాట్లే జరగవు’ అంటే, అక్కడ చెప్పుకోవడానికి అందరూ భయపడుతున్నారని అర్థం.

ఇక అసలు పనేమిటో చూద్దాం. ఐసీయూలో క్రాష్ కార్ట్ ఉంటుంది, గుండె ఆగినప్పుడు వాడే మందులూ సామానూ ఉండే బండి. ప్రతి షిఫ్ట్‌లో అందులోని ప్రతి మందూ ఎక్స్‌పైరీ చూడాలి, గొంతులో గొట్టం వేసేటప్పుడు వాడే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందో లేదో చూడాలి, సంతకం పెట్టాలి. పని ఒత్తిడి ఎక్కువైన చోట రిజిస్టర్ తీస్తే వారం రోజుల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టినట్టు కనిపిస్తాయి. మామూలు ఆడిటర్ అయితే మెమో ఇప్పిస్తాడు. పని తెలిసినవాళ్లు బండిని ఒకసారి పూర్తిగా సరిచూసి, నంబరున్న ప్లాస్టిక్ సీలు వేస్తారు. ఆ తర్వాత రోజూ సీలు తెగలేదని, నంబరు అదేనని చూస్తే చాలు. బండి వాడినప్పుడు, లేదా నెలకోసారి, విప్పి మళ్లీ సరిచూస్తారు. అరగంట పని నిమిషంలో అయిపోతే అబద్ధపు సంతకం పెట్టాల్సిన అవసరమే రాదు. ఇలాంటివి కనిపెట్టడం ఈ ఉద్యోగంలో సగమే. తన కింద పనిచేయని వాళ్లచేత, తనకంటే సీనియర్లచేత, డాక్టర్లచేత వాటిని చేయించగలగడం మిగతా సగం. కష్టమంతా అందులోనే ఉంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో సుమారు 100 ఐసీయూలు కలిసి చేసిన పని గురించి మీ అమ్మాయి వినే ఉంటుంది. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే సన్నని గొట్టం) వేసేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు ఐదే: చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, రోగిని పూర్తిగా స్టెరైల్ గుడ్డలతో కప్పడం, వీలైతే తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం 18 నెలల్లో రక్తంలో ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతులు తగ్గాయి. ఆ ఐదూ డాక్టర్లకు తెలియనివి కావు. అక్కడ కొత్తగా చేసిందేమిటంటే, ఏదైనా మెట్టు తప్పితే డాక్టర్‌ను ఆపే అధికారం నర్సుకిచ్చారు, పైవాళ్లు ఆమె వెనక నిలబడ్డారు, ఎవరి ఐసీయూ లెక్కలు వాళ్లకే ఎప్పటికప్పుడు చూపించారు. తర్వాత ఇంగ్లండ్‌లోనూ అలాంటి కార్యక్రమమే పెట్టారు. ఇన్ఫెక్షన్లు తగ్గాయి కానీ, ఇంకా మొదలుపెట్టని ఐసీయూల్లోనూ దాదాపు అలాగే తగ్గాయి. కొన్ని యూనిట్లు దాన్ని పైనుంచి రుద్దిన పనిగానే చూశాయని పరిశీలించినవాళ్లు రాశారు.

మీ అమ్మాయి ఫారం దగ్గర జరిగింది కూడా ఇదేనని నా అనుమానం. డ్యూటీ దిగే నర్సు అప్పటికే నోట్స్, మందుల చార్ట్, ఇన్‌టేక్-అవుట్‌పుట్ రాసి ఉంటుంది. ఇంకో కాగితమంటే ఇంకో పావుగంట, ఆపైన ఊరి బస్సు పోతుంది. కోపం రాదా మరి! ఒక కాగితం పెడితే ఒకటి తీసేయాలి. ఈసారి ‘మాకు నేర్పుతావా’ అన్న ఆ సీనియర్ దగ్గరికే వెళ్లి, ‘అక్కా, అప్పగించేటప్పుడు మీకు ఎక్కువ విసుగు తెప్పించేదేంటి’ అని అడగమనండి. ఆమె చెప్పిన దాన్నే సరిచేసి, రెండు బెడ్లకు, ఒక షిఫ్ట్‌లో, వారం రోజులు చూడమనండి. మందు డోసు తప్పిపోయిన సందర్భాలు ముందెన్ని, తర్వాతెన్ని అని ఒక్క లెక్క రాసుకుంటే చాలు. దీన్నే పీడీఎస్‌ఏ (ప్లాన్-డూ-స్టడీ-యాక్ట్) అంటారు, పేరు ఎలాగూ కోర్సులో చెప్తారు. ఏడ్చినందుకు కంగారు పడకండి, పట్టించుకోని వాళ్లకు ఏడుపు రాదు.

చదువు విషయానికొస్తే, హైదరాబాద్‌లో నిమ్స్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, అపోలో సంస్థ, ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హాస్పిటల్ మేనేజ్‌మెంట్ కోర్సులు నడుపుతున్నాయి. అర్హత, ఫీజు ఏ ఏటికా ఏడు నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే. అయితే ముందుగా చేయాల్సింది ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల అమలుపై ఆ బోర్డు పెట్టే చిన్న శిక్షణ. దానికి ఆసుపత్రి వాళ్లనే పంపమని అడగొచ్చు. ప్రభుత్వ రంగంలో 2013 నుంచి ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు), 2017 నుంచి ప్రసూతి గదుల కోసం ‘లక్ష్య’ కార్యక్రమం నడుస్తున్నాయి. నేషనల్ హెల్త్ మిషన్ కింద క్వాలిటీ పోస్టులు పడుతుంటాయి, కాంట్రాక్టువే అనుకోండి. జీతం మొదట్లో పెద్దగా పెరగదు. నైట్ డ్యూటీ తప్పుతుంది, ఆడిట్ నెలలో మాత్రం రాత్రి తొమ్మిదైనా ఇంటికి రాదు.

గల్ఫ్, జర్మనీ గురించి మీ ఆలోచన కొట్టిపారేయదగింది కాదు. అక్కడ స్టాఫ్ నర్సుగా వెళ్లాలంటే ఇటీవలి బెడ్‌సైడ్ అనుభవానికి విలువెక్కువ. క్వాలిటీలో రెండు మూడేళ్లుండి, తర్వాత మనసు మార్చుకుంటే ఆ గ్యాప్ అడ్డొస్తుంది. అందుకని పూర్తిగా మారకుండా, ఆరు నెలలపాటు వారంలో కొన్ని రోజులు ఐసీయూలో, కొన్ని రోజులు క్వాలిటీలో పని ఇమ్మని రాతపూర్వకంగా అడగమనండి. వాళ్లకు ఎన్‌ఏబీహెచ్ కావాలి, ఐసీయూ తెలిసిన నర్సు కావాలి, ఒప్పుకునే అవకాశమే ఎక్కువ. ఎంహెచ్‌ఏ దరఖాస్తు సంగతి ఆ ఆరు నెలలయ్యాక చూడండి.