ఈ నెల ప్రశ్నలు: పాత స్టేషన్ వ్యాగన్‌ని రోజూ నడపాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ పాత స్టేషన్ వ్యాగన్ల గురించే ఉన్నాయి, చదువుతుంటే నాకు చాలా సంతోషం వేసింది. వ్యాగన్ అంటే పైకప్పు వెనకదాకా సాగి, డిక్కీ కూడా కారు లోపలే కలిసిపోయి ఉండే పొడుగు కారు, మన దేశంలో అవి ఎప్పుడూ పెద్దగా అమ్ముడుపోలేదు. 1992లో టాటా ఎస్టేట్, తర్వాత బలెనో ఆల్టురా, ఆక్టావియా కాంబీ, ఇండిగో మరీనా వచ్చాయి, ఏదీ ఎక్కువ కాలం నిలబడలేదు, పెద్ద బండి అంటే ఎత్తుగా ఉండాలి అన్నదే మనవాళ్ళ లెక్క. అయినా వాటిని వదలకుండా ఆఫీసుకీ, స్కూలుకీ, ఊరికీ తిప్పుతున్న వాళ్ళు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాళ్ళకే.

ప్రశ్న (విశాఖపట్నం): మా నాన్నగారు కొన్న 2002 బలెనో ఆల్టురా నా దగ్గరుంది సర్. గాజువాక నుంచి రోజూ ఎంవీపీ కాలనీకి దాంట్లోనే వెళ్ళొస్తాను. ఇంజన్ బాగానే ఉంది కానీ ఏదో ఒక వంకతో ఆగిపోతోంది, ఒకసారి రేడియేటర్ పైపు పగిలింది, ఇంకోసారి సెల్ఫ్ తీసుకోలేదు. ఇంట్లో అమ్మేయమంటున్నారు. ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోండి. మీరు రాసిన దాంట్లోనే జవాబుంది, ఇంజన్ ఎప్పుడూ మొండికేయలేదు, ఆగిందల్లా పైపు వల్ల, కరెంటు వల్ల. ఆ 1.6 లీటర్ల జీ16బీ ఇంజన్ గట్టిది, ఆయిలు, కూలంటు సరిగ్గా చూస్తే ఇంకా చాలా ఏళ్ళు పనికొస్తుంది. పాత కారుని రోడ్డు మీద ఆపేవి చిన్న చిన్న సామాన్లే, రబ్బరు పైపు, బెల్టు, రిలే, ఎర్త్ వైరు, రేడియేటర్ మూత, ఇలాంటివి. ఆదివారం మాత్రమే బయటికి తీసే కారైతే ఏది పోతే అది మార్చుకుంటూ పోవచ్చు, ఉద్యోగానికి వెళ్ళే కారుకి అలా కుదరదు, ఇంకా పనిచేస్తోంది కదా అని చూడకుండా వయసైపోయిన సామాను ముందే మార్చేయాలి. నేను చెప్పేదల్లా ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు కూలింగ్ సంగతి చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక పైపుల్ని చేత్తో నొక్కండి, క్లిప్పు దగ్గర మెత్తగా ఉబ్బినట్టున్నా, నొక్కితే లోపల కరకరమన్నా అది పోయినట్టే. పైన పైపు, కింద పైపు, హీటర్‌కి వెళ్ళే రెండు సన్న పైపులు అన్నీ ఒకేసారి మార్పించండి, అన్నీ ఒకే వయసువి కాబట్టి పగిలినదొక్కటే మారిస్తే ప్రెషర్ మిగతావాటి మీద పడి తర్వాత వాటి వంతు వస్తుంది. అలాగే మీ బండిలో థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలంటుని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు, ఉందో లేదో అడగండి. "మన ఎండలకి ఇదెందుకు సార్" అని చాలా షెడ్లలో తీసి పక్కన పడేస్తారు, ఇది నాకు అస్సలు నచ్చని పని. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, కంప్యూటరేమో ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పంపిస్తుంది, మైలేజ్ పడిపోతుంది, కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీంచి జారి ఆయిల్లో కలిసి ఆయిలు పల్చబడుతుంది. అసలు జబ్బు, అంటే పూడుకుపోయిన రేడియేటరో తిరగని ఫ్యానో, అది మాత్రం అలాగే ఉండిపోతుంది. కొత్త థర్మోస్టాట్, దాంతో పాటు కొత్త రేడియేటర్ మూత వేయించండి. మూతే కదా అనుకోవద్దు, అది ఒక బార్ ప్రెషర్ పట్టి ఉంచితే 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు 120 దాకా మరగవు, స్ప్రింగు సడలిపోయిన మూతతో ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడితే నీళ్ళు పొంగిపోవడం ఖాయం. కొళాయి నీళ్ళు పోయొద్దు, కూలంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. "మొన్నీమధ్యే వేశాం" అన్న నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. బెల్టు విప్పినప్పుడే దాన్ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనరు, వాటర్ పంపు, ముందువైపు ఆయిల్ సీళ్ళు కూడా మార్పించేయండి, లేబర్ ఒక్కసారే పడుతుంది.

సెల్ఫ్ సంగతికొస్తే, బ్యాటరీ కొనేముందు ఓ మామూలు మల్టీమీటర్ కొనుక్కోండి. రాత్రంతా నిలబడిన బండికి పొద్దున 12.6 వోల్టుల దగ్గర చూపించాలి, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్యలో ఉండాలి. రెండూ సరిగ్గా ఉండి కూడా సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటోందంటే ఎర్త్ వైరు మీద అనుమానపడండి. మీది సముద్రం గాలి తగిలే ఊరు, బాడీకి వైరు బిగించిన చోట ఆకుపచ్చగా, తెల్లగా పొడి పేరుకుంటుంది, ఆ బోల్టు విప్పి మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, మళ్ళీ బిగించి పైన కొంచెం వాజలీన్ రాయండి. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే వైరు కూడా చూడండి, దాన్ని చాలామంది మర్చిపోతారు.

తుప్పు గురించి మీరు అడగలేదు కానీ విశాఖలో బండి ప్రాణం తీసేది అదే. తలుపుల కింద, రన్నింగ్ బోర్డు కింద నీళ్ళు పోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి, మట్టితో మూసుకుపోతాయి, సన్న పుల్లతో తెరిచి పెట్టండి. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి, వెనక లైట్ల గ్యాస్కెట్లు పోతే వానల్లో నీళ్ళు అక్కడే చేరతాయి. తుప్పు మీదే నల్ల కోటింగ్ కొట్టేస్తామంటే ఒప్పుకోవద్దు, తేమ లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా తినేస్తుంది.

ప్రశ్న (విజయవాడ): పాత పెట్రోల్ బండికి ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోల్ పడదంటున్నారు, నిజమేనా అన్నా? నాది కూడా ఆల్టురానే.

జవాబు: భయపడాల్సినంత కాదు తమ్ముడూ, కానీ పట్టించుకోకపోతే కూడా కుదరదు. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఈ10లో 10 శాతం, ఈ0లో అసలు ఉండదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజ్ కొంచెం తగ్గుతుంది, ఈ0కి తయారుచేసి ఈ10కి ట్యూన్ చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు. నీ బండికి అసలు బాధ రబ్బరుతోనే. ఆ కాలం పైపులు, ఓ రింగులు ఇథనాల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి, లేదంటే బిరుసెక్కి చిట్లుతాయి. కాబట్టి ట్యాంక్ నుంచి ఇంజన్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ ఒకసారి మార్పించేయ్. పైపు మీద జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి, షాపులో ఏదో నల్ల పైపు మీటర్ లెక్కన కోసిస్తే తీసుకోకు. ట్యాంక్ లోపల పంపుకి వేసే ముక్క మాత్రం ఆర్10 ఉండాలి, ఆర్9 లోపలి వైపు మాత్రమే పెట్రోల్‌కి ఆగుతుంది, మొత్తం మునిగి ఉంటే పైపొర పాడైపోతుంది. ఈ తేడా తెలియక కొత్త పైపు వేసి కూడా పంపు దగ్గర ఊడిపోయిన బండ్లు ఉన్నాయి. ఇంకోటి, ఇథనాల్ గాల్లో తేమని లాగుతుంది, రోజూ తిరిగే బండికి పర్లేదు కానీ నెలల తరబడి షెడ్డులో పెట్టేస్తే ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. ఈ విషయంలో రోజూ నడపడమే దానికి మంచిది. పైపులు మార్చాక మొదటి వారం రోజూ ఇంజన్ కింద, పంపు దగ్గర వాసన చూడు, పెట్రోల్ వాసన వస్తే బండి తీయకుండా మెకానిక్‌ని పిలువు.

ప్రశ్న (రాజమండ్రి): మా పెట్రోల్ మరీనాలో వెనక సీట్లో కూర్చున్న పిల్లలకి దూరం వెళ్తే తలనొప్పి వస్తోందండీ, పొగ వాసన కూడా వేస్తోంది. సైలెన్సర్ చూపించాను, బాగానే ఉందన్నారు.

జవాబు: అమ్మా, ఈ పని అయ్యేదాకా పిల్లల్ని ఆ కారులో దూరం తీసుకెళ్ళొద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, మీకు తెలుస్తున్న వాసన మిగతా పొగది. మొదటి లక్షణం తలనొప్పే, తర్వాత మత్తు, వాంతులు.

వ్యాగన్లకి ఈ ఇబ్బంది మామూలు కార్ల కంటే ఎక్కువ. వెనక భాగం నిటారుగా తెగినట్టు ఉంటుంది కాబట్టి స్పీడులో వెళ్తుంటే వెనకాల గాలి ప్రెషర్ పడిపోయి సైలెన్సర్ పొగ సుడి తిరిగి డిక్కీ డోరుకే అంటుకుని వస్తుంది, డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ సరిగ్గా లేకపోతే ఆ సందుల్లోంచి లోపలికి దూరుతుంది. ముందు అద్దాలు దించితే పోతుందనుకుంటారు, చాలాసార్లు ఇంకా ఎక్కువ లాగుతుంది. డిక్కీ డోరు కొంచెం తెరిచి తాడుతో కట్టి సామాను వేసుకెళ్ళడం మనవాళ్ళకి బాగా అలవాటు, వ్యాగన్‌లో మనుషులున్నప్పుడు అది అస్సలు చేయకూడదు.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ఓ కాగితం ముక్క బీడింగ్ మీద పెట్టి డిక్కీ మూసి కాగితం లాగండి, బిగుతుగా రావాలి, జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ చచ్చిపోయినట్టు. చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలాగే చూసుకుంటూ పోండి, ఎక్కువగా కింద మూలల్లో దొరుకుతుంది. బీడింగ్ బాగుండి కూడా కాగితం జారుతోందంటే డోరు లాక్ కొక్కెం సర్దాలి. అప్పుడప్పుడు గుద్దుకున్న బండ్లలో డోరు ఓ పక్కకి వాలిపోయి ఉంటుంది. డిక్కీ డోరు పైన కీలు దగ్గర వైర్లు వెళ్ళే రబ్బరు గొట్టం ఉంటుంది కదా, అది చిరిగినా పొగ వస్తుంది, పైగా తెరిచి మూసి తెరిచి మూసి లోపల వైర్లు కూడా తెగుతాయి, నంబర్ ప్లేట్ లైటు వెలగకపోవడం, వెనక వైపర్ తిరగకపోవడం, ఊరికే ఫ్యూజు కొట్టేయడం అన్నీ అక్కడివే. సైలెన్సర్ కూడా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, చివర గుడ్డ అడ్డం పెట్టి మళ్ళీ చూడమనండి, ఇంజన్ దగ్గరి జాయింట్ నుంచి చివరిదాకా ఎక్కడ లీకున్నా బుస్సుమని వినిపిస్తుంది.

ప్రశ్న (కరీంనగర్): డీజిల్ మరీనా, చలికాలం పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ అవ్వట్లేదు, తెల్ల పొగ వస్తది. మధ్యాహ్నం ఐతే ఒక్క దెబ్బకే స్టార్ట్ ఐతది.

జవాబు: హీటర్ ప్లగ్గులు, అంటే స్టార్ట్ చేసేముందు సిలిండర్ లోపల వేడి పుట్టించేవి. ఆ 1.4 డీజిల్‌కి అవి లేకపోతే చలిలో డీజిల్ అంటుకోదు, కాలకుండా తెల్ల పొగలా బయటికొస్తది. ప్లగ్గుల మీది వైరు తీసేసి, 12 వోల్టుల బల్బుకి ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి ఇచ్చి రెండోది ప్లగ్గు తలకి ఆనించండి, బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టు, వెలగకపోతే పోయినట్టు. నాలుగూ బాగుంటే రిలే చూడండి. అది కూడా బాగుంటే రాత్రంతా నిలబడ్డప్పుడు డీజిల్ వెనక్కి జారిపోయి ఎయిర్ తీసుకుంటోందేమో చూడాలి, ఫిల్టర్ దగ్గర పైపులు, వాషర్లు మార్చండి, ఫిల్టర్ కింద నీళ్ళు కూడా వదిలేయండి. సెల్ఫ్ ఆపకుండా కొట్టొద్దు, మోటారు కాలుద్ది. మీ బండికి ఇండికా, ఇండిగో సామాను చాలా వరకు సరిపోతుంది కాబట్టి దొరకదన్న దిగులు లేదు.

ప్రశ్న (హైదరాబాద్): 2001 వ్యాగన్, ఆర్సీ రెన్యువల్ గడువు దగ్గరపడింది. ఏం చేయాలి?

జవాబు: ఫారం 25 పెట్టాలి, గడువుకి 60 రోజుల ముందు నుంచి తీసుకుంటారు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి కేంద్రం ఫీజు 5 వేల నుంచి 10 వేలకి పెంచింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఆలస్యమైతే నెలకి 500 చొప్పున పడుతుంది. బండి చూపించేముందు బ్రేకు లైట్లు, హారన్, హ్యాండ్ బ్రేక్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ చూసుకోండి. టైర్లు కూడా. పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనవని, గాట్లు బాగున్నా అంత పాతవైతే రోజూ తిప్పే బండికి వద్దు.

ప్రశ్న (పిట్స్‌బర్గ్, అమెరికా): ఇక్కడ 1991 వోల్వో 240 వ్యాగన్ కొన్నానండీ, మా ఆవిడ ససేమిరా అన్నా సరే. రోజూ ఆఫీసుకి ఇదే. చలికాలం నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చు, మంచి బండి కొన్నారు. 1974 నుంచి 1993 దాకా తయారైన మోడల్, మీ దాంట్లో 2.3 లీటర్ల బీ230ఎఫ్ ఇంజన్, అందరూ రెడ్ బ్లాక్ అంటారు. 1980 నుంచి 87 మధ్య వచ్చిన 240లకి ఇంజన్ వైరింగ్ పైతొడుగు పొడిపొడిగా రాలిపోయే జబ్బుంది, మీది 91 కాబట్టి ఆ గొడవ లేదు. మైలు మీటర్‌ని మాత్రం నమ్మొద్దు, లోపల చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం విరిగి చాలా బండ్లలో ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. టైమింగ్ బెల్టు 50 వేల మైళ్ళకి మార్చాలి, తెగినా ఈ ఇంజన్లో వాల్వులు మామూలుగా వంగవు గానీ మంచులో రోడ్డు పక్కన నిలబడాల్సింది మీరే.

ఇక ఈ బండికి అన్నిటికంటే చవకగా చేసే పెద్ద మేలు ఫ్లేమ్ ట్రాప్ శుభ్రం చేయడం. ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే దారిలో ఉండే చిన్న ప్లాస్టిక్ జల్లెడ అది, పూడుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్ళని బయటికి తోసేస్తుంది, వెనక సీలు పోయిందంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ మూత తీసి ఆ కన్నానికి రబ్బరు గ్లవ్ తొడగండి, ఉబ్బిందంటే దారి మూసుకుపోయింది, లోపలికి పీల్చుకుంటే బాగున్నట్టు. పెట్రోల్ పంపులు రెండుంటాయి, ట్యాంకులోది చచ్చిపోతే బండి కింద ఉన్న పెద్ద పంపు మీద బరువు పడి అది గుయ్యిమని అరుస్తుంది, ట్యాంకు పావు దాకా దిగాక బండి మొరాయిస్తుంది. ఆ అరుపు వినిపించగానే లోపలి పంపు మార్పించండి, లేకపోతే రెండోది కూడా పోతుంది. పంపు రిలేలో సోల్డర్ చిట్లడం కూడా వీటికి మామూలే, ఓ కొత్త రిలే కొని గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. మీ దగ్గర రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి చలికాలం అంతా వీలైనప్పుడల్లా కింద భాగం కడిగించండి, ముఖ్యంగా వెనక చక్రాల పైన, స్టెప్నీ గుంట చుట్టూ.