మంచం దగ్గర్నుంచి మరుగుదొడ్డి దాకా

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా సంఘం కుర్రాళ్లం చందాలేసుకుని, ఊళ్లో పెద్దవాళ్లు పడిపోకుండా వాళ్ల మరుగుదొడ్లలో స్టీలు పైపులు బిగించాం. రెండు నెలలు తిరక్కుండానే నాలుగు ఊడిపోయాయి. తప్పెక్కడ జరిగింది? ఇంకేం చూడాలి?

జవాబు: మీ స్క్రూలు ఇటుక దాకా దిగి ఉండవు, పూతలోనే ఆగి ఉంటాయి. మనిషి బరువు పడితే పూత పెచ్చుతో సహా ఊడుతుంది. పూత దాటాక ఇటుకలోకి మరో రెండు అంగుళాలు దిగాలి, అదీ ఇటుకల సందులో కాకుండా. టైల్ ఉంటే అది దాటేదాకా డ్రిల్లును సుత్తి మోడ్‌లో పెట్టొద్దు, పగులుతుంది. మట్టితో కట్టిన పాత గోడలో స్క్రూ పట్టుకోవడానికి దూర్చే ఏ ప్లగ్గూ నిలవదు. బోల్టును గోడ అవతలికి దూర్చి, అటువైపు ఇనుప రేకు పెట్టి నట్టు బిగించండి. పైపు లావు ఒకటిన్నర అంగుళం, గోడకూ పైపుకూ మధ్య ఖాళీ కూడా అంతే. ఎత్తు మాత్రం టేపుతో తేలదు. ఆ ఇంటి మనిషినే కూర్చోబెట్టి, లేపి గుర్తు పెట్టండి. నేల బేసిన్ అయితే పైపు నిలువుగా ఉండాలి, అప్పుడే కూర్చున్నా లేచినా చేతికందుతుంది. బిగించాక మీలో ఇద్దరు గట్టిగా లాగి చూడండి.

పైపులు ఫొటోలో బాగా పడతాయి గానీ, పని అక్కడితో అయిపోదు. చీకటి పడ్డాక వాళ్లతో పాటు మంచం దగ్గర్నుంచి పెరట్లో దొడ్డి దాకా ఒకసారి నడవండి. స్విచ్ మంచం మీంచి అందుతోందా, గడప కనబడుతోందా, బోరింగు దగ్గర నాచు ఉందా, కాలికున్న హవాయి చెప్పు అరిగి నున్నబడిందా, అన్నీ అప్పుడే బయటపడతాయి. నాచును బ్లీచింగు చల్లి గట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి.

కాళ్ల సత్తువ కూడా చూడండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు దాటితే పడే ముప్పున్నట్టే. అలాంటివాళ్ల చేత, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం రోజూ చేయించండి. పక్కన ఒకరుండాలి. వారం చేసి మానేస్తే లాభం లేదు. నిద్రమాత్రలు వాడేవాళ్ల సంగతి ఏఎన్ఎమ్‌కు చెప్పండి.

ప్రశ్న: మా మామ్మ సోంపేటలో డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజే కళ్లు తిరిగి పడుతోంది. ఎందుకు?

జవాబు: ఒంట్లోంచి నీరు లాగేశాక, లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ బీపీ చూపించండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం డయాలసిస్ డాక్టరుకు చూపండి. ఎంత నీరు లాగాలి, బీపీ మాత్ర ఎప్పుడు వేయాలి అన్నవి ఆయన మారుస్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. ఆ పూట మంచం అంచున రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవాలి, నడిస్తే పక్కన మనిషుండాలి. నీరసంగా ఉందని కొబ్బరి బొండం మాత్రం కొట్టివ్వకండి. కొబ్బరితోటలున్న మీ ఉద్దానం ప్రాంతంలో ముందు చేతికందేది అదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని వాళ్లకు అది గుండె మీదికి తెస్తుంది.