తామర పురుగు పేరు మార్చి వెతకండి

ప్రశ్న: ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌, ఎంటమాలజీ. మిరపలో నల్ల తామర పురుగు మీద థీసిస్‌. ‘చిల్లీ థ్రిప్స్‌ మేనేజ్‌మెంట్‌ ఇన్‌ ఆంధ్రప్రదేశ్‌’ అని కొడితే కుప్పలుగా పేపర్లు వస్తున్నాయి, పనికొచ్చేవి మాత్రం లేవు. కీవర్డ్స్‌ బాగాలేవని గైడ్‌గారు అంటున్నారు. ఎలా ఎంచుకోవాలి?
- ఓ విద్యార్థిని, గుంటూరు

జవాబు: గైడ్‌గారి మాట నిజమేనమ్మా. ఇంగ్లిష్‌లో ‘చిల్లీ థ్రిప్స్‌’ అనేది ఆకులకు పై ముడత తెచ్చే పాత పురుగు, సిర్టోథ్రిప్స్‌ డార్సాలిస్‌కు వాడుక పేరు. మీకు కావాల్సిన నల్ల తామర పురుగు వేరు, అది పూతలో చేరే థ్రిప్స్‌ పార్విస్పైనస్‌. బెంగళూరులో బొప్పాయి మీద ఉందని 2015లో రిపోర్టయింది, 2021లో మన మిరప రైతుల కొంప ముంచింది. మీకు వచ్చిన పేపర్లలో చాలావరకు పాత పురుగువే అయ్యుంటాయి.

అందుకే శాస్త్రీయ నామంతో మొదలుపెట్టండి, రెండు మాటలూ కలిపి కోట్స్‌లో. తర్వాత పంట. చిల్లీకి ఎల్‌ ఒకటి రాసేవాళ్లున్నారు, రెండు రాసేవాళ్లున్నారు. ‘హాట్‌ పెప్పర్‌’, ‘క్యాప్సికమ్‌ యాన్యుయమ్‌’ అనీ రాస్తారు. వీటన్నిటినీ పెద్ద అక్షరాల ‘ఆర్‌’తో కలిపి ఒకే బ్రాకెట్‌లో పెట్టి, పురుగు పేరుకు ‘యాండ్‌’తో తగిలించండి. ఒట్టి ‘పెప్పర్‌’ అంటే మిరియాల పేపర్లూ వచ్చిపడతాయి. ఒకే ఎల్‌తో ‘చిల్‌’ అని రాసి పక్కన స్టార్‌ గుర్తు (*) పెడితే స్పెల్లింగులన్నీ ఒకేసారి వస్తాయని సీనియర్లు చెప్తారు. నిజమే, వాటి వెనకే చైల్డ్‌, చిల్లింగ్‌, చిలీ దేశం కూడా దిగుతాయి! పైగా గూగుల్‌ స్కాలర్‌లో ఆ స్టార్‌ పనిచేయదు.

‘ఆంధ్రప్రదేశ్‌’ తీసేయండి. ఇండోనేషియాలో ఈ పురుగు మిరప మీద మనకంటే ముందే ఉంది, ఆ పేపర్లు మీకు కావాలి. ‘మేనేజ్‌మెంట్‌’ ఒక్కటే చాలదు. మందుల ట్రయల్స్‌ చేసినవాళ్లు ‘బయో ఎఫికసీ’ (మందు పనితనం) అంటారు, ఇంకొందరు ‘కంట్రోల్‌’ అంటారు. ఈ మాటలు మనం ఊహించక్కర్లేదు. పనికొచ్చే పేపర్‌ ఒక్కటి దొరికితే చాలు, దాని సారాంశం కింద రచయితలిచ్చిన కీవర్డ్స్‌ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోండి. పర్యాయపదాలకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి వ్యవసాయ పదకోశం ఆగ్రోవాక్‌ చూడండి. థీసిస్‌లకు మన వ్యవసాయ వర్సిటీల ఆన్‌లైన్‌ భాండాగారం కృషికోశ్‌ ఉండనే ఉంది. అక్కడ మాత్రం పాత పురుగు పేరుతోనూ వెతకండి, పద్ధతులు పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఏ తేదీన, ఏ డేటాబేస్‌లో, ఏ మాటలు కొట్టారు, ఎన్ని వచ్చాయి అన్నది ప్రతిసారీ ఒక వరుసలో రాసుకోండి. వైవాలో ‘లిటరేచర్‌ ఎలా వెతికావు?’ అంటే ఆ పేజీయే చూపించొచ్చు. సున్నా రిజల్ట్స్‌ వచ్చిన రోజు గైడ్‌గారి దగ్గరికి పరిగెత్తకండి, ముందు పార్విస్పైనస్‌ స్పెల్లింగ్‌ సరిచూసుకోండి.