కేబుల్ పీకితే తప్ప వే బిల్లు రావట్లేదు

ప్రశ్న: సార్, నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్ల స్టాకు పేజీ లాన్ (కంపెనీ లోపలి నెట్‌వర్క్) కేబుల్ మీద వస్తుంది. అందులో ఇంటర్నెట్ ఉండదు. 10 కిలోల ప్యాకెట్ల లోడుకు ఈ-వే బిల్లు (సరుకు లారీకి కావాల్సిన ఆన్‌లైన్ జీఎస్టీ పత్రం) తీయాలంటే నెట్ కోసం నా ఫోన్‌ను వైరుతో కంప్యూటరుకు కలుపుతాను. అప్పుడు ఒక్కోసారి స్టాకు పేజీ పోతుంది, ఒక్కోసారి నెట్ రాదు. ప్రతిసారీ కేబుల్ పీకి పెడుతున్నా. కాటా దగ్గర డ్రైవర్లు ఎదురుచూస్తుంటే టెన్షన్ అయిపోతోంది. రెండూ ఒకేసారి నడవవా? – ఒక పాఠకురాలు

జవాబు: నడుస్తాయమ్మా. జడ్చర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్లు నెట్‌వర్క్ పని చూశాను. డిస్పాచ్ సెక్షన్ నుంచి నాకు ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఇదే. మీ కంప్యూటరూ, కేబులూ బాగానే ఉన్నాయి. బయటికి పోయే దారులు రెండయ్యాయి, అంతే.

హైదరాబాద్ నుంచి మీ ఊరికి వచ్చేటప్పుడు నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి నల్గొండ వైపు తిరుగుతారు కదా. అక్కడ బోర్డు లేకపోతే కొత్త డ్రైవరు నేరుగా సూర్యాపేటకు పోతాడు. విండోస్ కూడా అంతే. దారి తెలియని చిరునామా ఏదొచ్చినా డిఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి పోయే మామూలు గేటు వైపు పంపేస్తుంది. లాన్ ఒక గేట్‌వే ఇచ్చింది, ఫోన్ ఇంకోటి ఇచ్చింది. ఒక్కో దారికి మెట్రిక్ అనే నంబరు ఉంటుంది. ఏది చిన్నదైతే అన్నీ అటే పోతాయి. లాన్ గెలిస్తే నెట్ రాదు, ఫోన్ గెలిస్తే స్టాకు పేజీ రాదు. మనం పెట్టాల్సింది ఆ బోర్డే.

కానీ ముందు హెడ్డాఫీసు సిస్టమ్స్ వాళ్లకు మెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి. దయచేసి ఈ పని వదిలేయకండి. మా దగ్గర ఒకాయన ఎవరికీ చెప్పకుండా నెట్ డాంగిల్ పెట్టాడు. దానిలోంచి వచ్చిన వైరస్ లాన్ మీదుగా కాటా కంప్యూటర్లదాకా పాకింది. రెండు రోజులు బిల్లులు చేత్తో రాశారు, ఆ రెండు రాత్రులూ నేను ఇంటికి పోలేదు. జీఎస్టీ, ఈ-వే బిల్లు సైట్లను మాత్రం వాళ్ల ఫైర్‌వాల్ (బయటి నెట్‌కు కాపలా కాసే గోడ) నుంచే తెరిచి ఇవ్వగలరేమో కూడా అదే మెయిల్‌లో అడగండి. ఇస్తే ఫోన్‌తో పనే లేదు, మీ సొంత డేటా కూడా మిగులుతుంది. నన్నడిగితే అదే మేలు.

వాళ్లు ఫోనుకే సరేనంటే ఇలా చేయండి. లాన్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఐపీ వెర్షన్ 4, అందులో అడ్వాన్స్‌డ్ తెరిచి, ఆటోమేటిక్ మెట్రిక్ టిక్కు తీసి 500 వేయండి. ఇప్పుడు నెట్ ఎప్పుడూ ఫోన్ దారినే పోతుంది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని కొట్టి లాన్ గేట్‌వే చూసుకోండి. అది 10.20.5.1 అనుకుందాం. అప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో ఈ లైను కొట్టాలి (రూట్ అంటే ఇక్కడ దారి, route):

రూట్ -పి యాడ్ 10.0.0.0 మాస్క్ 255.0.0.0 10.20.5.1

అంటే 10తో మొదలయ్యే చిరునామాలన్నీ కేబుల్ వైపు తిరగాలని. అడ్డగీత పి మరిచిపోతే కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టగానే బోర్డు మాయమవుతుంది. హెడ్డాఫీసు నంబర్లు 172తోనో 192తోనో మొదలైతే లైను మారుతుంది, ఏం వేయాలో వాళ్లనే అడగండి.

ఇంత చేసినా స్టాకు పేజీ పేరుతో రాకపోతే, కంప్యూటరు ఆ పేరు ఎక్కడుందని ఫోన్ వైపు అడుగుతోందన్నమాట. పేరుకు బదులు సర్వర్ ఐపీ నంబరు కొట్టి చూడండి. వస్తే ఆ పేరునూ నంబరునూ హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరుకు ఏ నంబరో విండోస్ చూసుకునే ఫైలు) ఒక లైనుగా రాయించుకోండి.

రెండు కనెక్షన్లనూ కలిపి సెలెక్ట్ చేస్తే బ్రిడ్జ్ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. అది మాత్రం ముట్టుకోవద్దు. అది నొక్కితే మీ ఫోన్ నెట్‌కూ కంపెనీ లాన్‌కూ మధ్య గోడ ఉండదు. షేరింగ్ ట్యాబూ అంతే. వే బిల్లు వచ్చాక ఫోన్ వైరు తీసేయండి, స్టాకు పేజీకి ఏమీ కాదు. ఎప్పుడైనా పాత పద్ధతే కావాలంటే రూట్ డిలీట్ 10.0.0.0 కొట్టి, మెట్రిక్ టిక్కు మళ్లీ పెట్టండి.